కంప్యూటర్‌కు లేని సుంకం వీడియో గేమ్ కన్సోల్‌కు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పత్రికల సాంకేతిక పేజీల్లో కొత్త వీడియో గేమ్ కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాల) గురించి వచ్చే వార్తలలో ప్రాసెసర్ వేగమూ, బొమ్మ నాణ్యతా వివరంగానే ఉంటాయి. ఆ పెట్టె ధర ఎందుకంత ఉందో, అందులో తయారీదారుకు పోయేదెంతో, ప్రభుత్వానికి చేరేదెంతో చెప్పే వాక్యం మాత్రం ఎక్కడో గాని కనిపించదు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో టీవీలు, కంప్యూటర్లు, ఆట యంత్రాలు బాగుచేసే దుకాణం నడుపుతున్న నాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతూ ఉంటుంది. పిల్లవాడికి దసరాకు కొనిస్తానని మాట ఇచ్చిన తండ్రి ఏడాది ఆగి మళ్లీ వచ్చి, “ఏటి బాబూ, మోడలు పాతదైపోనాది కదా, రేటు తగ్గలేదేటి?” అని అడుగుతాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే మొన్నమొన్నటిదాకా ఈ వ్యాపారంలో పాతబడిన సరుకు చవకబడటమే ఆనవాయితీ.

2000 సంవత్సరంలో అమెరికాలో 299 డాలర్లకు విడుదలైన సోనీ సంస్థ కన్సోల్ ప్లేస్టేషన్ 2 ధర 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. 2006లో 60 జీబీ ప్లేస్టేషన్ 3 ధర 599 డాలర్లు ఉండగా, మూడేళ్లకే వచ్చిన సన్నని నమూనా 299కి దొరికింది. మన దేశంలో 2014 జనవరిలో 39,990 రూపాయలకు వచ్చిన ప్లేస్టేషన్ 4 కూడా కొన్నేళ్లలో ముప్పై వేల లోపుకు చేరుకుంది. మా ఒడిశా, ఆంధ్ర సరిహద్దు పట్టణాల్లో గంటకింత అని తీసుకుని ఆడించే వీడియో గేమ్ పార్లర్లు అప్పట్లో నిలదొక్కుకున్నాయంటే కారణం ఇదే. కొత్త యంత్రం పెద్ద నగరాలకు వెళ్లేది, కొన్నేళ్లకు ధర తగ్గి పాతపట్నానికీ, పర్లాకిమిడికీ, గుణుపురానికీ వచ్చేది. అంతకు ముందరి కాలంలో క్యాసెట్టు పెట్టి ఆడే నకిలీ టీవీ గేములైతే సంతల్లోనే అమ్మేవారు.

ఈ క్రమం ఇప్పుడు తలకిందులయింది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్కు ఉన్న రకం (ఆటల డిస్కు పెట్టి ఆడేది) 49,990 రూపాయలకూ, డిస్కు లేని రకం (ఆటలను నెట్ నుంచి దించుకుని ఆడేది) 39,990 రూపాయలకూ విడుదలైంది. 2022 నవంబరులో రెండింటి మీదా అయిదు వేలు పెరిగింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ నమూనా కూడా పెరిగిన ధరల దగ్గరే, అంటే 54,990, 44,990 దగ్గరే నిలిచింది. అమెరికాలో 2025 ఆగస్టులో సోనీ మరో 50 డాలర్లు పెంచగా, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది రెండుసార్లు పెంచి, 2020లో 499 డాలర్లు ఉన్న తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ను 649.99 దాకా తీసుకువెళ్లింది. అయిదేళ్ల వయసున్న యంత్రం పుట్టిననాటి కంటే ఎక్కువ ధర పలకడం ఈ రంగంలో ఇంతకు ముందు చూడనిది.

కారణాలలో కొన్ని మన చేతిలో లేవు. చిప్పులోని భాగాలను ఏటేటా చిన్నవి చేస్తూ పోతే ఒక్కొక్క చిప్పు ఖర్చు తగ్గే రోజులు దాదాపు అయిపోయాయి. ఇప్పుడు చిన్నదైన కొద్దీ తయారీ ఖర్చే పెరుగుతోంది. పైగా కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దఎత్తున లాగేసుకోవడంతో, 2025 చివరి నెలల్లో మా దుకాణంలో కంప్యూటర్లకు వేసే ర్యామ్ (మెమరీ) ధర రెట్టింపు దాటింది. కన్సోల్‌లో ఉండే 16 జీబీ మెమరీకి ఆ సెగ తగలకుండా ఉండదు. డాలరు విలువ 2021 ఆరంభంలో 73 రూపాయల చుట్టూ ఉండగా 2025 చివరికి 88 దాటిపోయింది. తయారీ సంస్థలు కన్సోల్‌ను లాభం లేకుండా, ఒక్కోసారి నష్టానికి అమ్మి, ఆటల అమ్మకంలో తమకు వచ్చే వాటాతో ఆ లోటు పూడ్చుకోవడం పాత పద్ధతి. కన్సోల్ యంత్రాల మీద తమకెన్నడూ లాభం రాలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021లో అమెరికా న్యాయస్థానంలోనే చెప్పారు. ఆ నష్టాన్ని భరించే ఓపిక ఇప్పుడా సంస్థలకు తగ్గినట్లుంది.

ఇక మన చేతిలో ఉన్న కారణం దగ్గరకు వస్తాను. ఈ లేఖ రాయడం కూడా దానికోసమే. 2018 బడ్జెట్‌లో వీడియో గేమ్ కన్సోళ్ల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఈ మొత్తం కలిపిన విలువ మీద 18 శాతం జీఎస్టీ. ఓడరేవులో 30,000 రూపాయల విలువ కట్టిన కన్సోల్‌ను ఉదాహరణగా తీసుకుంటే, సుంకం 6,000, సర్‌ఛార్జి 600, పన్ను 6,588 రూపాయలు కలిసి గోడౌను చేరేసరికి 43,188 రూపాయలవుతుంది. రవాణా, పంపిణీదారు కమీషను, చిల్లర వర్తకుని లాభం ఇంకా చేరనే లేదు. అదే 30,000 రూపాయల విలువగల ల్యాప్‌టాప్ వస్తే దాని మీద మౌలిక సుంకం సున్నా, కనుక సర్‌ఛార్జీ సున్నా. జీఎస్టీ ఒక్కటి కట్టి 35,400 రూపాయలకు బయటకు వస్తుంది. ఓడరేవు దగ్గరే తేడా 7,788 రూపాయలు.

రెండు పెట్టెలనూ విప్పి బల్ల మీద పెట్టే వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, వాటి మధ్య ఇంత తేడాకు ఆధారం నాకు కనిపించదు. ప్లేస్టేషన్ 5లోనూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ఉన్నది ఏఎండీ సంస్థ రూపొందించిన ఎనిమిది కోర్ల ప్రాసెసరు. ఆ సంస్థ ప్రాసెసర్లే ఎన్నో ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటాయి. మెమరీ, నిల్వ, ఫ్యాను, విద్యుత్ సరఫరా, అన్నీ ఒక కోవకు చెందినవే. అయినా సుంకాల పట్టికలో ల్యాప్‌టాప్ కంప్యూటర్ల అధ్యాయంలో కూర్చుంటే, కన్సోల్ మాత్రం ఆటవస్తువుల అధ్యాయంలో, 9504 అనే శీర్షిక కింద, బిలియర్డ్స్ సామగ్రికీ కాసినో బల్లలకూ పక్కన కూర్చుంది. అదే శీర్షికలో ఉన్న పేకముక్కల మీద, చదరంగం, క్యారమ్ బోర్డుల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు, కన్సోళ్లను ప్రత్యేకంగా మినహాయించి 18 శాతంలోనే ఉంచారు. పేకాటకు దొరికిన దయ పిల్లలు కన్సోల్ మీద ఆడే ఫుట్‌బాల్ ఆటకు దొరకలేదన్నమాట. జూదంతో ముడిపెట్టే ఆలోచన దీని వెనుక ఉన్నదనుకున్నా, అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధిస్తూ, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని ఆటలనూ వాటినుంచి స్పష్టంగా విడదీసింది. చట్టంలో ఉన్న ఆ వివేచన సుంకాల పట్టికలోకి ఇంకా రాలేదు.

దేశీయ తయారీని ప్రోత్సహించడానికే సుంకం పెంచారని సమర్థించవచ్చు. మొబైల్ ఫోన్ల విషయంలో ఆ వాదన నిలిచింది. సుంకంతోపాటు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు కూడా ఇచ్చారు, కర్మాగారాలు వచ్చాయి, 2024 జూలైలో ఫోన్ల మీద సుంకాన్ని 20 నుంచి 15 శాతానికి తగ్గించారు కూడా. కన్సోళ్ల విషయంలో సుంకం ఒక్కటే వచ్చింది. 2023లో 17,000 కోట్ల రూపాయలతో ప్రకటించిన ఐటీ హార్డ్‌వేర్ ప్రోత్సాహక పథకంలో ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు, సర్వర్లు ఉన్నాయి గాని కన్సోళ్లు లేవు. కాపాడవలసిన పరిశ్రమ లేనిచోట రక్షణ సుంకం కొనుగోలుదారు మీద భారం తప్ప మరొకటి కాదు.

తినడానికీ చదువుకూ డబ్బు చాలని జిల్లాలో కూర్చుని సంపన్నుల ఆటబొమ్మ కోసం ఇంత వాదన అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. గజపతి సంపన్న జిల్లా కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. నేను సబ్సిడీ అడగడం లేదు, కంప్యూటర్‌కు వర్తించే న్యాయాన్నే అడుగుతున్నాను. సంపన్నులు ఎలాగూ కొంటారు, వారికి ఎనిమిది వేలు ఒక లెక్క కాదు. ఆ ఎనిమిది వేల దగ్గర ఆగిపోయేది ఉపాధ్యాయుడి ఇల్లూ, రైల్వే ఉద్యోగి ఇల్లూ, కొత్తగా పార్లర్ పెట్టుకుందామనుకునే యువకుడూ. మా పట్టణంలోనే విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది, అక్కడ కంప్యూటర్ చదువులు చదివే తెలుగు, ఒడియా పిల్లలున్నారు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం కేంద్రం 2022లో కార్యదళాన్ని వేసింది, 2024లో ముంబైలో జాతీయ కేంద్రానికి ఆమోదం తెలిపింది. ఆటలు తయారు చేయమని పిల్లలను పిలుస్తూ, ఆ ఆటలు నడిచే యంత్రాన్ని వారికి అందనంత దూరంలో పెట్టడం పొసగని పని.

సరిహద్దు ప్రజలకు వెనకటికి ఒక వెసులుబాటు ఉండేది. వ్యాట్ కాలంలో ఒడిశాలో ఒక రేటూ, ఆంధ్రలో ఒక రేటూ ఉండేవి కనుక, ఖరీదైన వస్తువు కొనేముందు అటు శ్రీకాకుళంలోనూ, ఇటు బరంపురంలోనూ వాకబు చేసి, లాభమైన వైపుకు వెళ్లేవాళ్లం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఏ వైపు వెళ్లినా పన్ను ఒక్కటే. అది మంచికే వచ్చిన మార్పు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ధర పెరిగినకొద్దీ జనం పక్కదారులు వెతుక్కుంటున్నారు. కన్సోళ్లు తయారు చేసే జపాన్ సంస్థ నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మకాలు జరపదు. 2025 జూన్ 5న విడుదలైన దాని కన్సోల్ స్విచ్ 2ను వర్తకులు విదేశాల నుంచి తెచ్చి, ఇక్కడి వారంటీ లేకుండానే అమ్ముతున్నారు. జపాన్‌లో 2025లో 49,980 యెన్‌లకు విడుదలైన రకం చవకగా కనిపిస్తుంది గాని, అందులో జపానీ భాష తప్ప మరొకటి రాదు, జపాన్ ఖాతాలే పనిచేస్తాయి. చవక అని తెచ్చుకున్నవారు తరువాత దుకాణానికి వచ్చి ఇంగ్లీషు పెట్టమంటే ఎవరూ పెట్టలేరు. అలాగే డిస్కు లేని ప్లేస్టేషన్ ధర తక్కువని కొనేవారు ఒక లెక్క మరిచిపోతారు. పెద్ద ఆటలు విడుదలైన కొత్తలో ఒక్కొక్కటి అయిదు వేల రూపాయల చుట్టూ ఉంటాయి. డిస్కు ఉంటే ఆడాక స్నేహితునికి ఇవ్వవచ్చు, సగం ధరకు అమ్మవచ్చు, అమ్మినవాడి దగ్గర కొనవచ్చు. డిస్కు లేని యంత్రంలో కొన్న ఆట ఆ ఖాతాలోనే ఉండిపోతుంది. వంద జీబీ దాకా ఉండే ఆటను దించుకోవడానికి మా వైపు పల్లెల్లో నెట్ ఎంత సహకరిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చాలా ఆటలను నెట్‌లో పదిమందితో ఆడాలంటే ఏటా చందా కట్టాలి, అది వేరు. చిన్న పట్టణాలవారికి నా సలహా ఒక్కటే, ధర కొంత ఎక్కువైనా డిస్కు ఉన్నదే తీసుకోండి.

మీ పత్రిక ద్వారా రెండు మనవులు చేస్తున్నాను. పర్లాకిమిడి ఉన్న బరంపురం లోక్‌సభ నియోజకవర్గం సభ్యులూ, సరిహద్దుకు అవతల శ్రీకాకుళం సభ్యులూ వచ్చే బడ్జెట్‌కు ముందు ఈ విషయాన్ని ఆర్థిక మంత్రిత్వశాఖ దృష్టికి తీసుకువెళ్లి, కన్సోళ్ల మీద మౌలిక సుంకాన్ని కంప్యూటర్ల మాదిరిగా తొలగించాలని, అది వెంటనే సాధ్యం కాకపోతే కనీసం 2018కి ముందున్న 10 శాతానికి తేవాలని కోరాలి. మీ సాంకేతిక విభాగం వారు కొత్త కన్సోల్ గురించి రాసేటప్పుడు యంత్రం ధరతో పాటు రెండు మూడు ఆటలు, ఏడాది చందా, వారంటీ సంగతి కలిపి మొత్తం ఖర్చు ఎంతవుతుందో ఒక పట్టికగా ఇస్తే, మా దుకాణం గడప తొక్కకముందే కొనుగోలుదారుకు లెక్క తేలిపోతుంది.

భవదీయుడు,
ఎలక్ట్రానిక్స్ మరమ్మతుదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.