సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తొలగించిన డిజిటల్ రేడియోను పునరుద్ధరించవలసిందిగా ఫిర్యాదు

చెన్నై

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: సర్వీసు సమయంలో చేసిన సాఫ్ట్‌వేర్ మార్పు తరువాత కారు రేడియోలో మీడియం వేవ్, డిజిటల్ ప్రసారాలు అందకపోవడం గురించి.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన పెట్రోలు కారును నేను చెన్నైలోని మీ అధీకృత షోరూమ్‌లో కొన్నాను. దానిలోని రేడియో ఎఫ్.ఎం.తో పాటు మీడియం వేవ్‌ను, ఆకాశవాణి అనుసరిస్తున్న డి.ఆర్.ఎం. (డిజిటల్ రేడియో మాండియల్) అనే పద్ధతిలోని డిజిటల్ ప్రసారాలను కూడా అందుకుంటుందని మీ బ్రోషర్‌లో స్పష్టంగా అచ్చయి ఉంది. ఎక్కువ ధర పెట్టి పై వేరియంట్ తీసుకోవడానికి నాకున్న ముఖ్య కారణాలలో అదొకటి. ఇటీవల కారును సర్వీసుకు ఇచ్చినప్పుడు, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, మీ సర్వీస్ సెంటర్ వారు తెరలోని సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. కారు తిరిగి తీసుకున్నాక రేడియో పెడితే ఎఫ్.ఎం. ఒక్కటే మిగిలింది. మీడియం వేవ్ మీట కనిపించడం లేదు, దానితోపాటే డిజిటల్ స్టేషన్ల జాబితా కూడా పోయింది.

అడిగితే అక్కడి సలహాదారు, ఇప్పుడు ఏ.ఎం. (అంటే మీడియం వేవ్) ఎవరూ వినడం లేదని, ఫోన్ కలుపుకొని యాప్‌లో వినమని చెప్పారు. మీ కార్యాలయానికి రాస్తే, కొత్త వెర్షన్‌లో ఆ సదుపాయం లేదని ఒక వాక్యంలో జవాబు వచ్చింది. ఈ రెండు సమాధానాలనూ నేను అంగీకరించలేను.

మా కుటుంబానికి చెన్నై నుంచి నెల్లూరుకు రాకపోకలు ఎక్కువ. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే పోతాయి కనుక, తడ దాటి సూళ్లూరుపేట వైపు వెళ్లేసరికి నగరంలోని స్టేషన్లు గరగరమంటూ ఒక్కొక్కటే జారిపోతాయి. 720 కిలోహెర్ట్జ్‌పై నడిచే చెన్నై ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రం 200 కిలోవాట్ల శక్తి గలది, నేలను అంటిపెట్టుకొని సాగే దాని తరంగం అంతకంటే చాలా ముందుకు వస్తుంది. అదే పట్టీలో (బ్యాండ్‌లో) డిజిటల్‌గా వచ్చే ప్రసారంలో, సంకేతం సరిపడా ఉన్నంతవరకు, పాత మీడియం వేవ్‌కు ఉన్న గరగర ఉండదు. నేను డబ్బు చెల్లించింది ఈ సౌకర్యానికే. విద్యుత్ కార్లలో మోటారు రొద మీడియం వేవ్‌ను చెడగొడుతుందన్న మాట నిజమే, కానీ నాది పెట్రోలు కారు, అప్‌డేట్‌కు ముందు రోజు వరకు ఇందులో ప్రసారం చక్కగా వినిపించింది.

యాప్‌లో వినమన్న సలహా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2015 డిసెంబరు వరదల్లోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సమయంలోను ఈ నగరంలో కరెంటు పోయి, చాలా పేటల్లో ఫోన్ సిగ్నల్ కూడా లేకుండా పోయింది. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో, ఏ రోడ్డు మూసేశారో తెలుసుకోవలసిన ఆ గంటల్లోనే ఇంటర్నెట్‌పై ఆధారపడిన యాప్ పనికిరాదు. అత్యవసర హెచ్చరిక వచ్చినప్పుడు రేడియోను దానంతట అదే ఆ ప్రసారానికి మళ్లించే ఏర్పాటు డి.ఆర్.ఎం. ప్రమాణంలోనే ఉంది. తుఫాన్ల తీరంలో నివసించే మాకు అది అవసరమైన వస్తువు, దాన్ని అలంకారంగా భావించి తీసివేయడం నాకు చాలా బాధ కలిగించింది.

పైగా మీరు దీన్ని తొలగించిన సమయం కూడా తప్పు. దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మొదలైంది ఈ నగరంలోనే, ఇప్పుడు డిజిటల్ మార్పు కూడా ముందుగా ఇలాంటి నగరాలకే రాబోతోంది. ప్రైవేటు స్టేషన్ల డిజిటల్ ప్రసారాలపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబరులో ఇచ్చిన సిఫారసుల్లో చెన్నైతో సహా 13 నగరాలున్నాయి. ఒకే ఫ్రీక్వెన్సీపై పాత ఎఫ్.ఎం.ను కొనసాగిస్తూనే దాని పక్కన డిజిటల్ ఛానళ్లను నడపాలన్నది అందులోని ఆలోచన, ఎఫ్.ఎం.ను ఎప్పుడు ఆపాలన్నది తరువాత తేల్చవలసిన సంగతి. ఇతర దేశాల్లో ఏం జరిగిందో మీ ఇంజనీర్లకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్.ఎం.ను ప్రాంతాలవారీగా ఆపివేసినప్పుడు, పాత కార్లున్నవారు వేరే అడాప్టర్ కొని బిగించుకోవలసి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2020 డిసెంబరు నుంచి కొత్త కార్ల రేడియోలు డిజిటల్ ప్రసారాలను అందుకోవాలన్న నిబంధన అమలులో ఉంది. అక్కడ కొనుగోలుదారుకు చట్టం రక్షణ కాగా, ఇక్కడ నాకున్న ఆధారం మీరు అచ్చువేసిన బ్రోషర్ ఒక్కటే. పరికరం కారులోనే ఉండగా, దాన్ని పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను వెనక్కు తీసుకోవడం అమ్మిన వస్తువులో కొంత భాగాన్ని తిరిగి తీసుకుపోవడమే.

కావున మీడియం వేవ్‌ను, డి.ఆర్.ఎం. సదుపాయాన్ని నా కారులో ఖర్చు లేకుండా పునరుద్ధరించాలని కోరుతున్నాను. అది సాంకేతికంగా సాధ్యం కాదంటే కారణాన్ని మీ ఇంజనీరింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తెలిపి, ఆ వేరియంట్‌కు నేను అదనంగా చెల్లించిన మొత్తంలో తగిన భాగాన్ని వాపసు ఇవ్వాలి. ఎఫ్.ఎం. పట్టీలో రేపు డిజిటల్ ప్రసారాలు వచ్చినప్పుడు ఈ రేడియో సాఫ్ట్‌వేర్ మార్పుతో వాటిని అందుకోగలదా, లేక లోపలి భాగాన్నే మార్చాలా అన్నది కూడా స్పష్టంగా చెప్పండి. ఇకపై ఏ కారుకైనా అప్‌డేట్ చేసే ముందు దానివల్ల ఏ సదుపాయం పోతుందో యజమానికి చెప్పి, ఆయన అనుమతి తీసుకొనే పద్ధతిని మీ సర్వీస్ సెంటర్లన్నిటిలో అమలు చేయాలి.

బ్రోషర్ ప్రతి, కొనుగోలు రసీదు, సర్వీసు బిల్లు, అప్‌డేట్‌కు ముందు తరువాత తీసిన తెర ఫొటోలు, మీ జవాబు ప్రతి ఈ లేఖకు జతచేశాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సంతృప్తికరమైన సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు
భవదీయుడు,
మీ వినియోగదారుడు,
పెరంబూర్, చెన్నై