పక్షం వహించకుండా అండగా నిలిచిన వారికి కృతజ్ఞతలు

గత దసరా తరువాత మొదలై ఈ వేసవి దాకా మా ఇంట్లో నడిచిన గడ్డుకాలంలో మాకు తోడుగా నిలిచిన వారందరికీ, మా వారి అనుమతితో, మా ఇద్దరి తరఫునా ఈ కృతజ్ఞతలు రాస్తున్నాను. బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలలో చాలామందికి మేము తెలుసు. అందుకే ఎవరికి, ఎందుకు కృతజ్ఞతలు చెబుతున్నానో కొంత వివరంగానే రాయాలనుకున్నాను. "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వారు చేసిన సాయం ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

సంగతి క్లుప్తంగా ఇది. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారి టీములో చాలామందిని తీసివేశాక ఆ పనంతా మిగిలినవారి నెత్తిన పడింది. మా వారికి నిద్ర తగ్గింది, తిండి తగ్గింది, చిన్న మాటకు కూడా విసుక్కోవడం, ఆ తరువాత రోజుల తరబడి ముభావంగా ఉండిపోవడం మొదలైంది. దిగులు (డిప్రెషన్) అంటే కన్నీళ్ళు పెట్టుకుని మూల కూర్చోవడమే అనుకుంటాం గాని, మగవారిలో అది కోపంగా, చిరాకుగా బయటపడటం కూడా మామూలేనని తరువాత డాక్టరుగారు చెబితేనే మాకు తెలిసింది. అప్పటిదాకా బంధువులందరూ దీన్ని ఆలుమగల గొడవగానే లెక్కగట్టారు. మా వైపు వారు నన్ను పుట్టింటికి వచ్చేయమన్నారు, ఆయన వైపు వారు సర్దుకుపొమ్మన్నారు. దిష్టి తగిలిందని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమన్నవారూ ఉన్నారు. కట్టాం కూడా, అందులో నష్టమేమీ లేదు.

నా మొదటి నమస్కారం మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే టీచరమ్మగారికి. చిత్తూరు జిల్లాలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. మా ఇంట్లో మాటలు పెరుగుతున్న సంగతి వారి చెవిన పడే ఉంటుంది. అయినా లిఫ్టు దగ్గర ఎదురైనప్పుడు "ఏం జరుగుతోంది?" అని ఆరా తీయలేదు. "సాయంత్రం కాసేపు పాపను మా ఇంటికి పంపు తల్లీ, నాకు ఎక్కాలు చెప్పే అలవాటు ఇంకా పోలేదు" అన్నారు, అంతే. కొన్నాళ్ళకు నేనే ఉండబట్టలేక వారి వంటింట్లో కూర్చుని ఆయన ఏమన్నారో, నేనేమన్నానో వరసగా చెప్పబోతే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే, "తప్పు ఎవరిదో నేను తేల్చనమ్మా. ఆ అబ్బాయి సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది, అది చెప్పు" అని అడిగారు. అన్ని నెలలలో ఆ ప్రశ్న వేసింది ఆవిడ ఒక్కరే. అంతవరకు తగవుగా కనబడినది ఆ ప్రశ్నతో నాకు ఆరోగ్య సమస్యగా కనబడటం మొదలైంది. మనవడి కాలేజీ నోటీసు బోర్డు మీద చూసి రాసిపెట్టుకున్న 14416 అనే నంబరు ఇచ్చిందీ వారే.

ఆ నంబరు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, దీన్ని ప్రారంభించింది. దీనికి దేశం మొత్తం మీద మార్గదర్శక కేంద్రం మన ఊళ్ళోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషే ఫోను చేయనక్కర లేదు, ఇంట్లోవారూ చేయవచ్చు. నేను అలాగే చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి నా ఫిర్యాదులు విన్నది గాని వాటిమీద తీర్పు చెప్పలేదు. ఇది ఎప్పటినుంచి, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, తాగుడు అలవాటు ఉందా అని అడుగుతూ వచ్చి, ప్రాణం మీద విరక్తిగా ఎప్పుడైనా మాట్లాడారా అని కూడా అడిగింది. అలా మాట్లాడలేదన్నాను. నువ్వే ఒకసారి నేరుగా అడుగక్కా అంది. అడిగితే లేని ఆలోచన తలకెక్కుతుందేమోనని నాకు భయం వేసింది. అలా జరగదనీ, అడిగితే పైగా మనిషికి మనసు విప్పే వీలు దొరుకుతుందనీ ఓపికగా చెప్పి, ఎలా అడగాలో మాటలు కూడా అందించింది. ఆయన అవునంటే ఒంటరిగా వదలకుండా అదే నంబరుకు వెంటనే ఫోను చేయాలనీ, దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలనీ ముందే చెప్పింది. అవసరం పడలేదు. అయినా ఏం చేయాలో తెలిసి ఉండటం వల్ల ఆ రాత్రి నేను ధైర్యంగా అడగగలిగాను. ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు, ఆమె ఎవరైనా చల్లగా ఉండాలి.

తరువాత చూసిన సైకియాట్రిస్టుగారు ముందుగా రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా మనిషి ఇలాగే నీరసంగా, దిగులుగా ఉండవచ్చునట. అవి సరిగ్గానే ఉన్నాయని తేలాకే మందు మొదలుపెట్టారు. వేసుకున్న మర్నాడే గుణం కనబడదనీ, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చుననీ, మొదట్లో కడుపులో వికారంగా ఉండవచ్చుననీ, బాగుందనిపించినా తమతో చెప్పకుండా ఆపవద్దనీ కాగితం మీద రాసి ఇచ్చారు. ఈ నాలుగు మాటలు ముందే చెప్పకపోయి ఉంటే మా వారు రెండో వారంలోనే మందు కిటికీలోంచి పారేసేవారు.

నిద్ర వేళలు రాసిపెట్టమన్నారు డాక్టరుగారు. ఆ పని మా గోడమీది తెలుగు క్యాలెండరులో జరిగింది. తిథి, నక్షత్రం, వర్జ్యం ఉన్న గడిలోనే మిగిలిన కాస్త చోటులో పడుకున్న వేళ, లేచిన వేళ పెన్సిలుతో రాసేవారు. ఆయన మరిచిపోయిన రోజున మా అత్తయ్య రాసేవారు. చదువు నాలుగో తరగతితో ఆగిన మా అత్తయ్యకు ఇక్కడ ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పాలి. కడప నుంచి వచ్చిన కొత్తలో "మా వంశంలో ఎవరికీ ఇట్లాంటిది లేదు" అని ఆవిడ చాలా బాధపడ్డారు. 2015-16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్లు తేలిందని డాక్టరుగారు చెప్పగానే, ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మా ఊళ్ళో అంతమందీ దాచిపెట్టుకున్నారన్న మాట" అన్నారు. ఆ తరువాత ఊరినుంచి ఎవరు ఫోను చేసినా, షుగరుకు మందు వాడుతున్నట్టే మా వాడు దీనికి వాడుతున్నాడని దాపరికం లేకుండా చెప్పేవారు. కోడలి ఎదుట కొడుకును, కొడుకు ఎదుట కోడలిని ఒక్క మాట అనలేదు.

మా ఇద్దరి మధ్య పేరుకున్న పెడసరానికి మందు ఒక్కటీ చాలదు. హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ పెద్దాసుపత్రి పేరు వింటేనే జంకేవారికోసమా అన్నట్టు, ఆసుపత్రి ఆవరణకు దూరంగా బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారి సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ను తిట్టుకుంటూనే అక్కడికి వెళ్ళాం. నిజానికి మేము మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ ట్రాఫిక్‌లోనే. అక్కడి కౌన్సెలర్ మేడమ్ మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్క ఫిర్యాదు చెప్పమన్నారు. "నువ్వు ఎప్పుడూ" అని మొదలుపెట్టిన ప్రతిసారీ ఆపి, "నాకు" అని మొదలుపెట్టమన్నారు. "నువ్వు ఎప్పుడూ ఫోనులోనే ఉంటావు" అన్నది "నాకు అన్నం తినేటప్పుడు నీతో మాట్లాడాలని ఉంటుంది" అయింది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మా వారికి మొదట నవ్వు వచ్చింది, రెండోసారి చెబుతున్నప్పుడు గొంతు పూడుకుపోయింది.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దశాబ్దాల పాటు దంపతులను గమనించి, కాపురాలను తినేసే నాలుగు అలవాట్లు చెప్పారట: మనిషినే తప్పుపట్టడం, ఈసడించడం, ప్రతిదానికీ తనను తాను సమర్థించుకోవడం, మాట ఆపేసి గోడలా ఉండిపోవడం. వీటిలో ఈసడింపే అన్నిటికన్నా ప్రమాదమట. గోడలా ఉండిపోయే మనిషి తరచుగా పొగరుతో కాక, గుండె దడదడలాడుతూ ఏం మాట్లాడాలో తోచక అలా అయిపోతాడని మేడమ్ చెప్పినప్పుడు, మా వారి మౌనం గురించి నాకున్న కోపం సగం పోయింది. అలాంటప్పుడు ఒళ్ళు కుదుటపడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. అందుకని లేచిపోయేవారు మళ్ళీ ఎన్నింటికి కూర్చుంటారో చెప్పి లేవాలనీ, ఆ వేళకు తప్పకుండా రావాలనీ ఒక నియమం పెట్టారు. "ఇప్పుడు నావల్ల కాదు, ఎనిమిదిన్నరకు మాట్లాడదాం" అన్న మాట మా ఇంట్లో ఇప్పుడు అందరికీ అలవాటైంది. మా పాప కూడా హోంవర్కు వేళ దాన్ని వాడుకుంటోంది. అది వేరే సంగతి.

మా వారి టీము లీడుగారికి కూడా ధన్యవాదాలు. సెలవుకు కారణాలు తవ్వకుండా, రాత్రి కాల్స్ నుంచి కొన్నాళ్ళు తప్పించారు. భౌతిక అనారోగ్యానికి ఇచ్చే బీమానే మానసిక అనారోగ్యానికీ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోందని, పాలసీ కాగితాలు ముందేసుకుని మాకు వివరించిన వారి హెచ్‌ఆర్ అమ్మాయికీ కృతజ్ఞతలు.

చివరగా మా వారికి. ఈ పోస్టు అచ్చు తప్పులు దిద్దింది ఆయనే. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: ఏ మందు వాడారు, ఎంత మోతాదు అని దయచేసి ఎవరూ అడగవద్దు, ఒకరికి రాసిన మందు మరొకరికి పనికిరాదు. మా టీచరమ్మగారు ఇచ్చిన నంబరు పైన రాశాను, దానికి ఫోను చేయండి. బీటీఎం వెళ్ళడానికి తోడు కావాలంటే మాత్రం మమ్మల్ని అడగండి. శనివారాలు మా వారికి ఖాళీయే, కారు ఉంది.