ఎండ వేడి వేరు, నిప్పు వేడి వేరు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో యూదుల వారపు విశ్రాంతి దినం సబ్బాతు గురించి వచ్చిన వ్యాసం చదివాను. శనివారం వాళ్లు వేడిగా ఏదీ ముట్టరని, స్విచ్ కూడా వేయకపోవడం చాదస్తమని రాశారు. ఆ రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి. నేను సోలార్ వాటర్ హీటర్లు బిగిస్తాను. ఇజ్రాయెల్‌లో 1980లో కొత్త ఇళ్లకు సోలార్ హీటర్ తప్పనిసరి చేశారు. అక్కడి హీటర్ల గురించి చదువుతుంటేనే, సబ్బాతు నాడు వాటి వేడినీళ్లు వాడవచ్చా అనే చర్చ నా కంటపడింది.

వాళ్ల శాస్త్రం వేడిని నిషేధించలేదు. ఆ రోజు చేయకూడని పనులు 39 అని వాళ్ల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. నిప్పు రాజేయడం, ఆర్పడం, వండడం వాటిలోవే. శుక్రవారం పొద్దుగూకి సబ్బాతు మొదలవక ముందే పొయ్యి మీద పెట్టి, సన్నసెగన రాత్రంతా ఉంచిన కూరను శనివారం మధ్యాహ్నం వేడివేడిగానే తింటారు. ముందే వెలిగించిన నిప్పు కూడా ఇంట్లో ఉండరాదన్నది కరాయిట్లనే వేరే శాఖ పట్టుదల.

అసలు విశేషం, వేడి ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్లు అడగడం. నిప్పుతోనో, నిప్పు మీద కాలిన పెనంతోనో వండితే వాళ్ల మూల ధర్మగ్రంథం తోరా ప్రకారమే నిషేధం. నేరుగా ఎండలో గుడ్డు ఉడికితే తప్పు లేదు. అదే గుడ్డును ఎండకు కాలిన ఇసుకలో పూడ్చకూడదు. ఇసుకదీ ఎండ వేడే కదా, మరెందుకు వద్దు? ఇవాళ ఇసుకలో పెట్టినవాడు రేపు పొయ్యిలోని వేడి బూడిదలో పెడతాడేమోనని. ఎండకు వేడెక్కిన గుడ్డలో చుట్టడం కూడా వద్దంటే, రబ్బీ (యూదు ధర్మగురువు) యోసే ఒప్పుకోలేదు, చుట్టవచ్చన్నాడు.

ఈ వాదన ఇప్పుడు నా ట్యాంకు దాకా వచ్చింది. వేడినీళ్ల కుళాయి తిప్పగానే చన్నీళ్లు లోపలికి దిగి, ఉన్న వేడినీళ్లతో కలిసి కాగుతాయి. తిప్పినవాడు నీళ్లు కాచినట్టేనా? మూలం ఎండే గనుక ఫరవాలేదని కొందరు రబ్బీలు, ఇదీ ఆ ఇసుక లాంటిదేనని మరికొందరు. మబ్బు రోజులకని పెట్టే కరెంటు కాయిల్ ఆన్‌లో ఉంటే మాత్రం ఎండ పేరు చెప్పి తప్పించుకోలేరు. ఎంత వేడెక్కితే కాగినట్టంటే, పసిబిడ్డ పొట్ట కాలేంత అని, మిష్నా మీద చర్చల గ్రంథమైన తాల్ముద్ కొలత. ఈ కాలపు పెద్దల్లో కొందరు 45 డిగ్రీలని లెక్క కట్టారు. మే నెల మధ్యాహ్నం మల్కాజిగిరి డాబాల మీది నల్లట్యాంకు నీళ్లు చేతిలో పట్టుకుంటే ఆ కొలత తెలుస్తుంది.

స్విచ్ సంగతీ అంతే. శ్రమ ఎంతన్నది వాళ్ల లెక్కలోకే రాదు. నీళ్లలో ముంచి గట్టిపరచడానికి ఇనుము కాల్చడాన్ని 12వ శతాబ్దంలోనే యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడిస్ నిప్పు రాజేయడం కిందికి చేర్చాడు. పాత బల్బులో తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది, అందుకే దాని స్విచ్ వేయడమూ నిప్పు రాజేసినట్టే అంటారు. ఎల్‌ఈడీలో కాలే తీగ లేదు, కాబట్టి దాని మీద చర్చ వేరు. ప్రాణం మీదికి వస్తే ఇవన్నీ పక్కనపెట్టి మంట ఆర్పాల్సిందే, అదీ శాస్త్రం చెప్పిందే.

చాదస్తమని రాసే ముందు ఇంత ఆలోచన ఉందని పాఠకులకు చెప్పాల్సింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో సబ్బాతు పాటించే తెలుగువాళ్లున్నారు, బెనె ఎఫ్రయిం అనే యూదు సమాజం వారు. దయచేసి మీ విలేకరిని అక్కడికి పంపి, వాళ్ల మాటల్లోనే మరో వ్యాసం వేయండి.

— ఒక సోలార్ హీటర్ మెకానిక్,
మల్కాజిగిరి, హైదరాబాద్