మెషీను తెచ్చుకో, ఫ్రిజ్జు వదిలెయ్

పెరంబూరు, చెన్నై
2024 ఆగస్టు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. నెల్లూరు నుంచి మకాం ఎత్తేటప్పుడు ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ లారీలో వేసుకురావాలా, అక్కడే వదిలించుకుని ఇక్కడ కొత్తవి కొనాలా అనేగా నీ గోల? ఫ్రిజ్జు వదిలెయ్, మెషీను తెచ్చుకో. ఈ మధ్యే ఆ రెండింటితో కుస్తీ పట్టినవాడి మాట ఇది.

మా పాత ఫ్రిజ్జు చెడిపోలేదు. కరెంటు బిల్లు భరించలేక మార్చాం. ఇక్కడ బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. 500 యూనిట్లు దాటామా, కింది యూనిట్లలో కొన్నిటికి కూడా ఎక్కువ రేటు పడుతుంది. ఎండాకాలం ఏసీ వేస్తే మేం ఆ గీత మీదే ఊగుతుంటాం. తలుపు రబ్బరు సాగిపోయిన ఆ ముసలిదేమో ఆగకుండా మోగేది. దాని మీద అయిదు స్టార్లు ఉన్నాయి, నిజమే. కానీ ఆ కొలత ఏళ్ల తరబడి బిగిస్తూ వచ్చారు, అప్పటి అయిదు ఇప్పటి అయిదు కాదు. షాపులో స్టార్లు లెక్కపెట్టకు. ఏడాదికి ఎన్ని యూనిట్లో లేబుల్ మీదే ఉంటుంది, అది చూడు. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడు. మనకి ఆషాఢం వెళ్లిపోయినా ఇక్కడి తమిళుల ఆడి నెల ఇంకా నడుస్తోంది, తగ్గింపు బోర్డులు ఎక్కడ చూసినా అవే.

ఎక్స్‌చేంజ్‌లో పాతదానికి వాళ్లు చెప్పిన ధర వింటే నవ్వుతావు. పాత ఇనుము కొట్టుకి వెయ్యడానికి నాకే మనసొప్పలేదు. అక్కడ గొట్టం కోసేస్తే లోపలి గ్యాసు గాల్లో కలిసిపోతుంది. మాదాంట్లో ఉన్నది ఆర్134ఏ, అది కిలో వదిలితే 1,400 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినదానికి మించి భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పటి ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఆర్600ఏ, అది ఐసోబ్యూటేన్. వంటగ్యాసుకి చుట్టమే, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

పక్క వీధిలో దోసెల పిండి ప్యాకెట్లు అమ్మే అక్క ఆ పాత ఫ్రిజ్జు తనకిమ్మని అడిగింది. కరెంటు బాగా తాగుతుందక్కా అని ముందే చెప్పాను. "ఈ వేడికి సాయంత్రానికే పిండి పులిసిపోతోంది తమ్ముడూ, పారబోసే పిండి కంటే కరెంటే చవక" అంది. ఇక నేనేం మాట్లాడను?

ఇవ్వడం సరే, మొయ్యడం చూడు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ముందురోజు రాత్రే ప్లగ్గు పీకి, తలుపు తెరిచి ఐసు కరగనిచ్చాం. వెనకాల కంప్రెసర్ మీద నీళ్లు పట్టే చిన్న ట్రే ఒకటుంటుంది, దాన్ని ముందే ఒంపెయ్యాలి. లేదంటే మెట్ల మీద ఆ కంపు నీళ్లు కిందవాడి చొక్కా మీదకొస్తాయి. అరలన్నీ తీసి విడిగా పట్టుకెళ్లాం. మెట్ల వెడల్పు కొలిస్తే సరిపోదు మామా, మలుపు కొలవాలి. తలుపు పిడి తగిలేలా ఉంటే హింజ్ స్క్రూలు విప్పి తలుపే తీసెయ్యొచ్చు. వెనకున్న నల్ల కమ్మీల జాలీ మాత్రం పట్టుకోకూడదు, అది వంగి చీలిందంటే గ్యాసు పోయినట్టే.

కంప్రెసర్ అడుగున ఉంటుంది కాబట్టి బరువంతా కింద నిలబడ్డవాడిదే. మా బామ్మర్ది "మీరు పెద్దవారు బావగారూ, ముందు మీరు దిగండి" అని ఎంతో మర్యాదగా పై మెట్టు ఎక్కి నిలబడ్డాడు!

కింద కుట్టి యానై మాట్లాడుకున్నాం, అదే టాటా ఏస్. పక్క వీధికి బండెందుకంటావేమో, మా రోడ్డు గుంతలు నువ్వు చూళ్లేదు. డ్రైవర్ పడుకోబెడదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. తప్పక పడుకోబెట్టాల్సివస్తే, దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి, అప్పుడు స్విచ్ వెయ్యాలి. నిలబెట్టి ముందువైపు కమ్మీకి తాడుతో బిగించాం.

ఇక నీ మెషీను. ఫ్రంట్ లోడ్ అన్నావు కదా, దాన్ని నువ్వు ముట్టుకోకు, కూలీలకి డబ్బులిచ్చెయ్. డ్రమ్ము ఊగకుండా లోపల కాంక్రీటు దిమ్మ పెడతారు, అరవై కిలోలు దాటుతుంది. డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. కొత్తదాన్ని బిగించిన రోజు మెకానిక్ వెనకనుంచి పొడుగు బోల్టులు పీకి నీ చేతికిచ్చి ఉంటాడు, గుర్తుందా? లారీ ఎక్కించేముందు అవి మళ్లీ బిగించాలి, లేకపోతే చెన్నై చేరేలోపు డ్రమ్ము అటూ ఇటూ బాదుకుని స్ప్రింగులు ఊడతాయి. ఇక్కడ దించాక తియ్యకుండా స్విచ్ వేశావో, మెషీను వంటింటిదాకా నడుచుకుంటూ వస్తుంది. లారీ ఎక్కించకముందే, ముందువైపు అడుగున ఉన్న ఫిల్టర్ మూత విప్పి మిగిలిన నీళ్లు తీసెయ్. ఇక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, హీటర్‌కి సున్నంలా పేరుకుంటుంది, ఆ సంగతి నువ్వొచ్చాక చూద్దాం.

ముందు ఆ బోల్టులు ఎక్కడున్నాయో చెల్లెమ్మని అడుగు, నీకెలాగూ తెలీదు. దొరికాయో లేదో వెంటనే రాయి. లేకపోతే ఇక్కడ వెతికి పంపిస్తాను, మోడల్ నంబరు కావాలి.

ఉంటాను,
నీ మామ