తీసిన ముక్కను పరీక్షకు పంపమని ఆదేశించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతం నుండి నమస్కరిస్తూ రాస్తున్నాను.

మా మేనత్తకు మూత్రంలో రక్తపు చారలు కనబడినప్పుడు ఉడుకు చేసిందనే ఇంటిల్లిపాదీ అనుకున్నాము. వేరుశనగ చేలో ఎండకు తిరిగిన మనిషి గదా అని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగించి, ఆపైన ఆర్ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు దఫాలు మింగించి, మూడు నెలలు పోగొట్టుకున్నాము. మూత్రద్వారం దగ్గర కందిగింజంత బొడిపె ఉందని ఆమె సిగ్గు చంపుకొని చెప్పాక, ఒక ఆసుపత్రిలో దానిని తీసివేసి, ఈ వయసు ఆడవాళ్లకు మామూలుగా వచ్చే కండేనని పంపించారు. తీసిన ముక్క మాత్రం ల్యాబుకు వెళ్లలేదు. ఎనిమిది నెలలకు అది అక్కడే మళ్లీ పెరిగి, గజ్జలో గడ్డ కట్టింది. అప్పుడు ముక్క తీసి ల్యాబులో చూసే బయాప్సీ పరీక్షలో మెలనోమా అనే క్యాన్సర్ అని తేలింది.

ఆ డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మెలనోమా అంటే చర్మం మీది నల్ల మచ్చగానే అందరికీ తెలుసు. శరీరం లోపలి పొరలలో పుట్టేవి పాశ్చాత్య దేశాల లెక్కలలో మొత్తం మెలనోమాలలో నూటికి సుమారు ఒకటి మాత్రమే కాగా, మూత్రమార్గంలో పుట్టేవి అందులోనూ కొద్దిపాటి భాగం. వీటికి ఎండతో సంబంధం లేదు. పైగా కొన్ని నల్లగా ఉండనే ఉండవు, ఎర్రటి కండలాగానే కనిపిస్తాయి కాబట్టి కంటిచూపుతో నిర్ధారించబూనడం ఎంత అనుభవజ్ఞులకైనా ప్రమాదమే. సూక్ష్మదర్శిని కింద కూడా ఇతర క్యాన్సర్లను పోలి ఉండవచ్చు గనుక, ఎస్-100, హెచ్ఎంబీ-45, మెలన్-ఎ వంటి, ముక్కకు ప్రత్యేక రంగులు పట్టించి చూసే ఐహెచ్‌సీ పరీక్షలు చేస్తేగాని ఖాయంగా చెప్పలేరు. మూత్రాశయంలో కనబడితే, చర్మం నుంచో కంటి నుంచో పాకిందేమోనని ఒళ్లంతా వెతకవలసి ఉంటుంది.

అందువలన నా మొదటి మనవి ఇది: ప్రభుత్వ ఆసుపత్రులలో మూత్రమార్గం నుండి తీసిన ప్రతి ముక్కనూ, ఎంత చిన్నదైనా, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవపు సీసాలో వేసి, ముక్కలను పరీక్షించే పాథాలజీ ల్యాబుకు పంపాలని ఉత్తర్వు ఇవ్వండి. రాష్ట్ర క్యాన్సర్ సంస్థ కర్నూలులోనే ఉన్నది కనుక, ఆదోని నుండో ఆళ్లగడ్డ నుండో రోగి కాక, ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మె ప్రయాణించే ఏర్పాటు చేయండి. మా అత్త దిమ్మెను నేనే కాగితంలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకొని, ఆర్టీసీ బస్సులో వేరే నగరానికి తీసుకుపోయాను. వేసవి ఎండకు మైనం కరుగుతుందేమోనని దారిపొడుగునా తడిమి చూసుకున్నాను.

రెండవది చికిత్స. వ్యాధి ముదరకముందైతే, చుట్టూ కొంత మంచి కండతో సహా కోసి తీయడమే ప్రధాన మార్గం. పాకిన తరువాత పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి, క్యాన్సర్ మీదికి ఒంటి రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులే ప్రధాన దిక్కు. పెంబ్రోలిజుమాబ్‌పై కేంద్రం 2023లో దిగుమతి సుంకం తీసివేసినా, దాని ధర చేను అమ్మినా అందేది కాదు. కిట్ అనే జన్యువులో మార్పు ఉన్న కొందరికి, రక్తక్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ మాత్ర పని చేయవచ్చు. అది చౌకగానే దొరుకుతుంది గాని, ఆ జన్యు పరీక్ష చేయిస్తేనే గదా ఎవరికి పనికివస్తుందో తెలిసేది. ఆ పరీక్షనూ, ఈ మందులనూ ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ వ్యాధి పేరుతోనే చేర్చాలని కోరుతున్నాను.

ఉత్తర్వు వెలువడితే దాని ప్రతిని ఏరియా ఆసుపత్రుల ఆపరేషన్ గదులలో, ఫార్మలిన్ సీసాలు పెట్టే అల్మారా తలుపు మీద అంటించేలా చూడగలరు.

ఇట్లు,
పత్తికొండ ప్రాంత రైతు కుటుంబీకుడు