సుబ్బారావుగారి నీలిరంగు గురించి కూడా రాయండి

సంపాదకులకు,

యల్లాప్రగడ సుబ్బారావుగారి పుట్టినరోజుకి జనవరి 12న పత్రికల్లో ఏదో ఒక వ్యాసం వస్తుంది. సంతోషమే. కానీ ఎప్పుడూ అదే వరస: భీమవరంలో పుట్టారు, కష్టాలు పడ్డారు, అమెరికా వెళ్లారు, మందులు కనిపెట్టారు, నోబెల్ రాలేదు. 1922 నుంచి 1930 దాకా హార్వర్డ్‌లో ఆయన చేసిన పనిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పాను, ప్రాక్టికల్స్‌లో పిల్లల చేత ఆయన పద్ధతి చేయించాను, అందుకే ఇది నాకు మింగుడుపడదు.

ఆయనేం ఫస్టు ర్యాంకుల విద్యార్థి కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీగారి పిలుపుకి ఖద్దరు కట్టారు, అది సర్జరీ ప్రొఫెసరుకి నచ్చలేదు, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్‌ఎంఎస్. ఆ చిన్న డిగ్రీతో, మామగారి సాయంతో, 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదువుతూ పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌ప్యాన్లు కడిగిన మనిషి ఆయన. ఈ సంగతి అందరూ రాస్తారు, రాయాలి కూడా. కానీ అక్కడితో ఆగిపోతే ఆయన మీద జాలి పుడుతుంది గానీ ఆయన బుర్ర ఎలా పనిచేసిందో పాఠకుడికి తెలియదు.

తర్వాత ఆయన చేరింది ఒట్టో ఫోలిన్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో. ఫోలిన్ కూడా వలస వచ్చినవాడే, పదిహేనేళ్ల వయసులో స్వీడన్ నుంచి. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రచురించారు. చూడ్డానికి చాలా సులువు: శాంపిల్‌లో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, దాన్ని క్షయకరణం చేసే ఇంకో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది, ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. వందేళ్లయినా ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరు ల్యాబుల్లో అలాగే ఉంది. ఆ సుబ్బారావు మన తెలుగాయనే అని చెబితే నా విద్యార్థుల్లో సగం మంది నమ్మేవాళ్లు కాదు!

అసలు కథ దీని తర్వాతే ఉంది. అదే పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్ కొలుస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకొకరైతే శాంపిల్ పాడైందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు (మేమంతా చేసేది అదే), వీళ్లు మాత్రం ఎందుకిలా అని అక్కడే ఆగారు. కండరంలో ఏదో నిలకడలేని ఫాస్ఫరస్ పదార్థం ఉంది, అది ఆ ఆమ్లంలో విరిగిపోతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్‌ని వదులుతోంది, అందుకే రంగు ఆలస్యం. అదే ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరానికి చప్పున శక్తినందించే నిల్వ, 1927లో ప్రకటించారు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా ఉన్న నమ్మకం దీంతో కదిలిపోయింది. 1929లో కండరంలో ఏటీపీ (కణాల పనులకు శక్తినిచ్చే పదార్థం) ఉందని రాశారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నాడు. ఇంతా చేశాక 1930లో గానీ పీహెచ్‌డీ రాలేదు. పైగా అప్పటి అమెరికా చట్టం ప్రకారం భారతీయులకు పౌరసత్వం లేదు, ఆ తలుపు తెరుచుకున్నది 1946లో, ఆయన చనిపోయింది 1948లో.

ఫోలిక్ ఆమ్లం, ఫైలేరియా మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్, ఇవన్నీ 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాక ఆయన, ఆయన బృందం చేసిన పనులు. వాటి గురించి మీరు బాగానే రాస్తున్నారు. ఈసారి జనవరికి ఆ ఆలస్యంగా వచ్చిన రంగు మీద ఒక పేజీ ఇవ్వండి, తొమ్మిది, పది తరగతుల పిల్లలకి అర్థమయ్యేలా, బొమ్మలతో. పరీక్షనాళికల్లో ఆ నీలం ఎలా చిక్కబడుతుందో వరసగా ఫొటోలు కావాలంటే నేనే తీయించి పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ లెక్చరర్