కంచెలో తగ్గిన రాయి

నాన్నా,

శనివారం ఫోన్ ఎత్తలేదని అమ్మ అలిగిందట కదా. ఒక కామెంట్‌తో కుస్తీ పడుతున్నానని చెప్పు. కామెంట్ అంటే కోడ్ పక్కన మనుషుల కోసం రాసిపెట్టే మాట, కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు.

ఖాళీ దొరికినప్పుడల్లా నేను పనిచేసే ఆ చిన్న కాయిన్, అంటే ఇంటర్నెట్‌లో నడిచే డబ్బు, ఉంది కదా, దాని కోడ్ మొత్తం బిట్‌కాయిన్ నుంచి ఎత్తుకొచ్చిందే. పది నిమిషాలకో బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, తయారవుతుంది. 2016 బ్లాకులయ్యాక, అంటే దాదాపు రెండు వారాలకోసారి, మైనింగ్, అంటే కొత్త బ్లాక్ తయారుచేసే పని, ఎంత కష్టంగా ఉండాలో అది మళ్లీ లెక్కేసుకుంటుంది. అక్కడ పద్నాలుగు రోజుల బ్లాకులు వెనక్కి వెళ్తున్నామని కామెంట్ ఉంది. అది నమ్మి, సరిగ్గా పదేసి నిమిషాల ఎడంతో బ్లాకులు పెట్టి టెస్ట్ రాశాను. కష్టం మారకూడదు, కానీ 0.05 శాతం పెరిగింది! తప్పు నాదేననుకుని రెండు రాత్రులు జుట్టు పీక్కున్నాను.

మూడో రోజు అంట్లు తోముతుంటే మన తోట కంచె గుర్తొచ్చింది. వంద అడుగులకి పదడుగులకొకటి అని పది రాళ్లు తెచ్చావు, చివర ఒకటి తగ్గింది, గుర్తుందా? ఇదీ అంతే. మొదటి బ్లాక్ నుంచి చివరి బ్లాక్ దాకా పట్టిన టైమ్ కొలుస్తున్నారు, 2016 బ్లాకుల మధ్య ఖాళీలు 2015 మాత్రమే. ఒక పది నిమిషాలు లెక్కలోకే రావట్లేదు, అందుకే బ్లాకులు త్వరగా వచ్చేశాయనుకుని కోడ్ కష్టం కాస్త పెంచేస్తోంది. బిట్‌కాయిన్‌లో 2009 నుంచీ ఇలాగే ఉంది.

మరి కోడ్ సరిచేయొచ్చుగా అంటావు. కుదరదు నాన్నా, ఆ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్లన్నీ ఒకే లెక్క కట్టాలి, నేనొక్కడినీ మార్చుకుంటే మిగతావాళ్ల బ్లాకులు నాకు చెల్లవు, బ్లాకుల చైన్ రెండుగా చీలిపోతుంది. నాకు భయమల్లా రేపు ఎవడో కుర్రాడు ఆ కామెంట్ చదివి, కోడే తప్పనుకుని బాగుచేసేస్తాడని. అందుకే కోడ్ ముట్టుకోకుండా, ఖాళీలు 2015 అనీ, తెలిసే వదిలేశామనీ కామెంట్‌లో రెండు లైన్లు రాసి పంపాను. మేం పంపిన మార్పులు చూసి ఒప్పుకునేవాడు 'రెండు లైన్లకి ఇంత గొడవా' అన్నాడు, టెస్ట్ చూపించాక నోరు మూసుకుని కలిపేశాడు. డబ్బులిస్తారా అని అమ్మ అడుగుతుంది, ఇవ్వరు.

అవునూ, ఆ రోజు తగ్గిన రాయికి బదులు తాటి మొద్దు పాతావు కదా, అదింకా ఉందా?

నీ చిన్నోడు